తొమ్మిది పాటల్లో రెండు

ఆదోని నుంచి ఏలూరు వైపు వెళ్ళి వచ్చి మూడు వారాలైంది. కొల్లేరు ఎలా ఉంది, పక్షులు కనిపించాయా, చేపలు తిన్నావా అని కాలేజీలో అందరూ అడిగారు. బాగుంది, కనిపించాయి, తిన్నాను అని చెప్పాను. మూడూ నిజమే. కానీ ఆ మూడు రోజుల్లో జరిగిన అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. పక్షుల గురించీ చేపల గురించీ మాత్రమే రాసి ఊరుకుంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఒకటి ఇదివరకే రాశాను. అందుకని అన్నీ కలిపి రాస్తున్నాను.

నా పేరు ఆంజనేయులు. డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్ని. యాభై రెండేళ్ళు. తిరుపతిలో చదువుకునే రోజుల్లో, హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న ఏలూరు మిత్రుడు ఒక క్యాసెట్ తెచ్చాడు. బ్యాండు పేరు ‘ఉప్పుటేరు’. ముగ్గురే మనుషులు. పాడేది సలీం, గిటారు సత్యం, డ్రమ్స్ ప్రసాదు. పాటలు రాసేదీ, బాణీ కట్టేదీ సత్యమే. తెలుగులో రాక్ ఏమిటని నవ్వబోయినవాణ్ణి మొదటి పాట సగమయ్యేసరికి మంచం మీద లేచి కూర్చున్నాను. ‘గట్టు తెగింది’ అనే పాట. కొల్లేటి గట్టు తెగి ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన రోజు గురించి. కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టే ఊళ్ళో పెరిగాను నేను. నీళ్ళు ఎక్కువై ఏడ్చే మనుషులుంటారని ఆ పాట వినేదాకా నాకు తెలియదు.

అప్పటి నుంచి వాళ్ళ అభిమానిని. ఇంటర్నెట్ వచ్చాక ‘తుంగభద్ర’ అనే మారుపేరుతో వాళ్ళ గురించి ఒక పేజీ నడుపుతున్నాను. మొదట్లో పొగుడుతూ రాశాను. పన్నెండేళ్ళుగా తిడుతూ రాస్తున్నాను. ఎందుకంటే బ్యాండు పడిపోయింది. కొత్త పాటలన్నీ పాత పాటలకే చొక్కా మార్చినట్టుంటాయి. సత్యం మానేసి వెళ్ళిపోయాడు. గిటారుకి ఏ ఊళ్ళో ఎవరు దొరికితే వాళ్ళు. ఈసారి వాళ్ళ ప్రోగ్రాం కళ్ళారా చూసి, ఒక మంచి బ్యాండు ఎలా చచ్చిపోతుందో పెద్ద వ్యాసం రాయాలని బయలుదేరాను. అంతవరకూ నిజం.

బ్యాండు పేరూ, ఆ ముగ్గురి పేర్లూ ఇక్కడ మార్చాను. నా పేరు మార్చలేదు.

ఏలూరు

ఏలూరు మధ్యలోంచి కాలవ పోతుంది. అటు వన్‌టౌన్, ఇటు టూటౌన్. కాలవ నిండుగా పారుతున్నా వంతెన మీద వెళ్ళేవాళ్ళెవరూ దాని వైపు చూడరు. మా ఊళ్ళో అంత నీరు పారితే పిల్లల్ని చంకనెత్తుకొచ్చి మరీ చూపిస్తారు.

పొద్దున్నే స్టేషను దగ్గర హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. యాభై రూపాయలు. అల్లప్పచ్చడి తియ్యగా ఉంది. కారంగా ఇంకో పచ్చడేమైనా ఉందా అని అడిగితే, హోటలాయన కొంచెం నొచ్చుకుని, “అదే కారపు పచ్చడండీ” అన్నాడు. బయటికొస్తే ఇద్దరు ఆటోవాళ్ళు దారి కోసం పోట్లాడుకుంటున్నారు. “మీకు కళ్ళు కనపడవాండీ?” “మీకు బుద్ధుందాండీ అసలు?” మా వైపైతే ఆపాటికి చొక్కాలు చిరిగేవి. ఇక్కడ తిట్టుకు కూడా ఒక కుర్చీ వేసి కూర్చోబెడతారు. అప్పుడు నవ్వుకున్నాను. ఆ మర్యాద ఎంత గట్టిగా తగులుతుందో మూడో రోజుకి గానీ తెలిసిరాలేదు.

తివాచీలు నేసే ఇళ్ళు కొన్ని ఇంకా మిగిలాయంటే చూడ్డానికి తంగెళ్ళమూడి వైపు వెళ్ళాను. మస్తాన్ గారని డెబ్బై దాటిన పెద్దాయన నిలువు మగ్గం ముందు కూర్చుని ఉన్ని పోగులు ఒక్కొక్కటిగా ముడి వేస్తున్నారు. ముడి వేయడం, కత్తితో కోయడం, దువ్వెనలాంటి ఇనప పనిముట్టుతో కిందికి దిగగొట్టడం. మూడడుగుల తివాచీకి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను.

“తొందరపడకపోతే నెలండీ. తొందరపడితే రెండు నెలలు. తప్పులు విప్పుకోవాలి కదా!” అన్నారు.

ఉప్పుటేరు సలీం తెలుసా అని అడిగితే ఆయన ముఖం వెలిగింది. “మా వీధి పిల్లాడేనండీ. వాళ్ళమ్మగారు ఈ మగ్గం మీదే కూర్చునేవారు. ఆవిడ వేసిన ముడి నేను విప్పాలన్నా వచ్చేది కాదు. పోయి రెండేళ్ళైంది” అన్నారు. టీ తెప్పించి, డబ్బులివ్వబోతే నా చెయ్యి పట్టుకుని వెనక్కి తోశారు.

సాయంత్రం ఆరింటికి ప్రోగ్రాం. కొత్తగా తెరిచిన ఒక బట్టల షాపు ముందు, రోడ్డు పక్కన వేదిక. చీరల మీద తగ్గింపు ఎంతో చెప్పే బోర్డు కింద నా బ్యాండు నిలబడి ఉంది. సలీంకి యాభై ఆరేళ్ళుంటాయి. నల్లరంగు వేసిన జుట్టు, సాయంత్రంపూట నల్లకళ్ళద్దాలు. లాప్‌టాప్‌లోంచి సంగీతం వస్తోంది. రెండో పాటలో గొంతు కూడా లాప్‌టాప్‌లోంచే వచ్చింది. పెదవులు కాస్త వెనకబడ్డాయి. జేబులోంచి ఫోన్ తీసి రాసుకున్నాను: ‘సలీం గొంతు సలీం కంటే ముందే ప్రోగ్రాంకి వచ్చింది.’ వాక్యం బాగా కుదిరిందని సంతోషం కూడా కలిగింది.

నాలుగు పాటలయ్యాక సలీం కళ్ళద్దాలు తీశాడు. లాప్‌టాప్ ఆపమని సైగ చేశాడు. “ఒక పాట ఉందండీ. మీరెవరూ విని ఉండరు. మేమూ స్టేజీ మీద ఎప్పుడూ పాడలేదు...” అని మొదలుపెట్టాడు.

అప్పుడు నేను అరిచాను. “గట్టు తెగింది! గట్టు తెగింది పాడండి!”

నా పక్కనున్న నలుగురు అందుకున్నారు. వాళ్ళ పక్కవాళ్ళు చప్పట్లు కలిపారు. రోడ్డు అవతల ఐస్‌క్రీం బండి దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా “గట్టు, గట్టు” అన్నారు. సలీం ఒక్క క్షణం అలాగే నిలబడి, నవ్వి, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. లాప్‌టాప్ మళ్ళీ మొదలైంది. ఇంత జనాన్ని కదిలించింది నేనే కదా అని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

అయిపోయాక వేదిక వెనక్కి వెళ్ళాను. డ్రమ్స్ విప్పి సంచుల్లో సర్దుతున్న ప్రసాదు నన్ను చూసి, “ఏవండీ, ఎక్కణ్ణుంచి?” అని అడిగాడు.

“ఆదోని నుంచి సార్.”

“ఆదోనా! అమ్మో, అంత దూరం నుంచి మా కోసం వచ్చారా! ఒరే సలీం, చూడు...” అని కేకేశాడు. సలీం అప్పటికే కారెక్కేశాడు. ప్రసాదు నా చెయ్యి వదల్లేదు. “రేపు ఖాళీయేనాండీ? కొల్లేట్లోనే మా ఊరు. పొద్దున్నే నేను వెళుతున్నాను, నాతో రండి. ఇంత దూరం వచ్చి కొల్లేరు చూడకుండా వెళతారా?”

వ్యాసానికి మంచి సరుకు దొరుకుతుందనుకున్నాను. సరేనన్నాను. తుంగభద్రని నేనేనని చెప్పలేదు.

కొల్లేరు

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు ఎక్కాక నేల మాయమైపోతుంది. రోడ్డు ఒక్కటే గట్టు మీద పోతుంది, రెండు వైపులా చేపల చెరువులు. కర్రలకు కట్టిన తవుడు బస్తాలు నీళ్ళలో వేలాడుతుంటాయి. బొచ్చె, శీలావతి చేపలు వచ్చి వాటిని పొడుచుకు తింటాయట. చెరువుల మధ్య అక్కడక్కడా వరి. సరస్సు ఎక్కడా అని అడిగాను. ప్రసాదు స్టీరింగు మీద నుంచి వేలెత్తి చూపించి, “ఇదంతా సరస్సేనండీ. ఇప్పుడు ముక్కలైంది” అన్నాడు.

ఆటపాక దగ్గర కారు ఆపి గూడబాతుల్ని చూపించాడు. చెట్టుకి పాతికేసి చొప్పున కూర్చున్నాయి, ముక్కుల కింద సంచులు వేలాడేసుకుని. అంత పెద్ద పక్షి అంత సన్నటి కొమ్మ మీద ఎలా నిలుస్తుందో నాకు అర్థం కాలేదు. తర్వాత దోనె ఎక్కించాడు. దోనె బాగానే ఎక్కాను, దిగడమే కుదరలేదు. ఒడ్డున కాలు పెట్టగానే జారి మోకాళ్ళ పైదాకా బురదలో దిగబడిపోయాను. ప్రసాదూ, దోనె నడిపినాయనా చెరో చెయ్యీ పట్టి లాగారు. ఒక చెప్పు కొల్లేటికి ఇచ్చేశాను.

అలా బురదతోనే వాళ్ళింటికి వెళ్ళాను. ప్రసాదు భార్య సువార్త గారు నన్ను చూసి నవ్వాపుకుని, బకెట్టుతో నీళ్ళు, ప్రసాదు లుంగీ ఒకటి ఇచ్చి, నా ప్యాంటు ఉతికి తీగె మీద ఆరేశారు. వద్దంటే వినలేదు. “మా ఊరి బురద మా ఊళ్ళోనే వదిలి వెళ్ళాలండీ” అన్నారు.

కొరమేను పులుసు పెట్టారు. కిలో ఐదొందలట, ఇక్కడ కూడా. మా ఇంట్లో చేప అంటే నెలకోసారి, అదీ వేపుడే. పులుసులో చేప ఇలా ముక్క చెదరకుండా నోట్లో కరుగుతుందని నాకు తెలియదు. కారం అడగాల్సిన పని కూడా పడలేదు. నేను చాలంటున్న కొద్దీ ఆవిడ, “ఇంకొక్క ముక్కండీ, తలకాయ మీకోసమే ఉంచాను” అంటూ వడ్డించారు. మా వైపు అతిథి చాలంటే చాలు. ఇక్కడ మూడోసారి అంటే గానీ ఆ మాట లెక్కలోకి రాదు.

ప్రసాదు లుంగీ కట్టుకుని, ప్రసాదు ఇంట్లో, ప్రసాదు చేప తింటూ ఉండగా అతను ఈ మాటలన్నాడు.

“మీరు తుంగభద్ర గారని ఒకాయన రాసేవి చదువుతారాండీ?”

తల ఎత్తకుండా ముద్ద కలుపుకున్నాను. అప్పుడప్పుడూ చదువుతానన్నాను.

“ఆయనే లేకపోతే మేం ఎప్పుడో మునిగిపోయేవాళ్ళమండీ. మా మొదటి క్యాసెట్ గురించి ఆయన రాసింది సలీం కాగితం మీద అచ్చువేయించి గోడకి అంటించుకున్నాడు. ఎవరో ఏమిటో తెలీదు, పెద్ద చదువుకున్న మనిషై ఉంటాడు. పన్నెండేళ్ళ కింద మేం దారి తప్పాం. ‘ముడి’ అని తొమ్మిది పాటలు చేశాం. అంతా సత్యం పిచ్చి. డ్రమ్స్ లేవు, చేత్తో బల్ల మీద కొట్టమన్నాడు నన్ను. రెండేళ్ళు పట్టింది. నాకు బానే ఉందనిపించింది గానీ, నాకేం తెలుస్తుంది? ఆయన కడిగేశారు. ‘తొమ్మిది పాటలూ ఓపిగ్గా విన్నాను, ఇక నా దగ్గర ఓపిక లేదు’ అని రాశారు. ఎంత బాగా రాశారండీ! జనమంతా ఆ మాటే పట్టుకున్నారు. అంత ఓపిగ్గా విన్న మనిషి చెప్పాక మేం కాదంటామా? మళ్ళీ పాత దారికి వచ్చేశాం. సత్యం ఒక్కడే ఒప్పుకోలేదు. గిటారు పక్కన పెట్టి తాడేపల్లిగూడెం వెళ్ళి వాళ్ళ నాన్నగారి ఉల్లిపాయల కొట్లో కూర్చున్నాడు.”

సువార్త గారు మజ్జిగ పోశారు.

“నిన్న సాయంత్రం సలీంకి మళ్ళీ ఆ పిచ్చి ఎక్కిందండీ. ఏడో పాట పాడతానన్నాడు. అదృష్టం, జనం గట్టు గట్టు అని అరిచి కాపాడారు” అని ప్రసాదు నవ్వాడు.

ఇక్కడ నేను చెప్పాల్సింది చెబుతాను. ఆ తొమ్మిది పాటలూ నేను వినలేదు. రెండే విన్నాను. పన్నెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం, లైబ్రరీలో భోజనాల వేళ, నెట్ నెమ్మదిగా ఉన్న రోజు. మొదటి రెండు పాటలూ నచ్చలేదు. మూడోది తెరుచుకోవడానికి సున్నా తిరుగుతూ ఉంది. గంట కొట్టే టైమవుతోంది. అందరికంటే ముందు నా సమీక్షే రావాలి. ఆ సున్నా తిరుగుతుండగానే, ఓపిగ్గా తొమ్మిదీ విన్నానని రాసేశాను. తర్వాత విందాంలే అనుకున్నాను. ఆ వాక్యాన్ని వందల మంది మెచ్చుకున్నాక విని చేసేదేముంది అనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే, వింటే బాగుంటుందేమోనని భయం వేసింది.

ఇవేవీ ఆ ఇంట్లో చెప్పలేదు. మజ్జిగ తాగాను.

ప్యాంటు ఆరాక ప్రసాదు నన్ను ఆకివీడులో దింపడానికి కారు తీశాడు. దారిలో నేనే అడిగాను, ‘ముడి’ ఉందా అని. పెన్‌డ్రైవ్‌లో ఉంది. “ఎందుకండీ ఆ చాదస్తం” అంటూనే పెట్టాడు. మూడో పాట నుంచి పెట్టమన్నాను. ఆ పాటలు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో తాడేపల్లిగూడెం దగ్గర చెబుతాను. ఏడో పాటలో ఒక ముసలావిడ ఏవో అంకెలు లెక్కపెడుతూ ఉంటుంది. ఆ పాట మొదలైన కాసేపటికి కారు ఆపమన్నాను. ఇంజను కూడా ఆపమన్నాను. చెరువుల మీద ఎండ పడుతోంది. దూరంగా ఒకాయన దోనె మీద నిలబడి తవుడు బస్తాలు మారుస్తున్నాడు.

“తుంగభద్ర గారు రాసింది నిజమేనంటారా?” అని అడిగాడు ప్రసాదు.

“నాకు పాటల గురించి అంతగా తెలీదు సార్” అన్నాను.

ఉండి మీదుగా

రాత్రి ఆకివీడులో బస చేసి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఉండి ఊరు దాటేదాకా ఒకవైపు వరి, ఒకవైపు చెరువులు, చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాలు. పక్కన కూర్చున్న పెద్దావిడ సంచీలోంచి జామకాయ తీసి సగం విరిచి ఇచ్చింది. ఎవరమ్మాయి పెళ్ళికో వెళుతోందట. మీరెక్కడికండీ అని అడిగింది. తాడేపల్లిగూడెంలో ఒకాయనకి ఒక మాట చెప్పాలని అన్నాను.

“మంచి మాటేనాండీ?”

“కాదమ్మా.”

ఆవిడ నా ముఖం చూసింది. “అయితే తిన్నాక చెప్పండి. ఉత్తకడుపుతో చెబితే చేదు ఎక్కువవుతుంది” అంది. ఎవరు తిన్నాక అని నేను అడగలేదు. భీమవరంలో ఆవిడ దిగిపోయింది. నేను మనసులో వాక్యాలు కడుతూనే ఉన్నాను. ‘మిత్రమా, ఒక పొరపాటు జరిగింది’ అనేది ఒకటి. ‘యవ్వనపు తొందరలో’ అనేది ఇంకోటి. పన్నెండేళ్ళ కింద నాకు నలభై. అన్నీ కొట్టేశాను.

తాడేపల్లిగూడెం

ఉల్లిపాయల మార్కెట్టు ఊళ్ళోకి రాకముందే వాసనతో తెలుస్తుంది. వరసగా లారీలు, గోనె సంచులు, కాళ్ళ కింద చప్పుడు చేసే పొట్టు. మా జిల్లా ఉల్లి కూడా ఇక్కడికే వస్తుంది. ఒక సంచీ మీద మా తాలూకా పేరు చూసి పలకరించబోయాను, సంచీని ఏం పలకరిస్తాం.

సత్యం కొట్టు వెతకడం కష్టం కాలేదు. ఫోటోల్లో భుజాల దాకా జుట్టుండేది. ఇప్పుడు బట్టతల, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. రైతనుకున్నాడేమో, “కూర్చోండి, ఎక్కణ్ణుంచండీ?” అన్నాడు.

“ఆదోని.”

“కర్నూలు పాయ ఈసారి తడిసి వచ్చిందండీ” అని మొదలుపెట్టాడు.

“నేను ఉల్లిపాయల కోసం రాలేదు సార్. తుంగభద్ర అనే పేరుతో రాసేది నేనే.”

అతను చేతిలోని ఉల్లిపాయ బల్ల మీద పెట్టాడు. కొట్లో ఉన్న ఇద్దర్నీ ఏదో పని చెప్పి బయటికి పంపాడు. తర్వాత, “చెప్పండి” అన్నాడు.

చెప్పాను. లైబ్రరీ, తిరిగే సున్నా, తొందర, అన్నీ. అతను మధ్యలో ఒక్కసారే ఆపాడు.

“ఎన్ని విన్నారండీ?”

“రెండు.”

“ఏ రెండు?”

“మొదటిదీ, రెండోదీ.”

బల్ల మీది ఉల్లిపాయని వేలితో దొర్లించాడు. “ఆ రెండూ బాగోవండీ. నాకూ తెలుసు. కొత్తదనానికి జనం భయపడతారని, పాత పద్ధతిలో ఉన్న ఆ రెంటినీ సలీం ముందు పెట్టమన్నాడు” అన్నాడు. తర్వాత గొంతు మారింది. “మీరు తిట్టినందుకు నాకేం లేదండీ. విని తిట్టుంటే బాగుండేది. వినే తిట్టారనుకుని పన్నెండేళ్ళు... ఎక్కడ తప్పు చేశానా అని ఆ తొమ్మిదీ ఎన్నిసార్లు విన్నానో మీకు తెలుసాండీ?”

సత్యం ఉల్లిపాయని పక్కకి నెట్టాడు.

“ఈ మాట సలీంకి చెప్పారా?”

“లేదు.”

“ప్రసాదుకి?”

“లేదు సార్. నిన్న వాళ్ళింట్లో భోంచేశాను. చెప్పలేకపోయాను.”

“మరి ముందు నా దగ్గరికెందుకొచ్చారు? నేనైతే ఇంకేం పోగొట్టుకోను కాబట్టా?”

అంతవరకూ నేనేదో ధైర్యం చేసి వచ్చాననే అనుకుంటున్నాను. అతను అన్నాక తెలిసింది. వాళ్ళిద్దరూ నన్ను నమ్ముతున్నారు, ఇతను నమ్మడం లేదు. నమ్మనివాడి ముందు ఒప్పుకోవడమే తేలికని ఇక్కడికి వచ్చాను.

సత్యం ఫోన్ తీసి సలీంకి కలిపి, నా చేతిలో పెట్టాడు. నిలబడి చెప్పాను. లైను కట్టయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

“ఉన్నానండీ” అన్నాడు సలీం. “ఏడోదాంట్లో లెక్కపెట్టే గొంతు ఉందే, అది మా అమ్మదండీ. మగ్గం మీద ముడులు లెక్కపెట్టుకుంటుంటే సత్యం రికార్డు చేశాడు. తన గొంతు పాటలో వచ్చిందని రోజూ పెట్టుకుని వినేది. మీరు రాసింది చదివాక నాకు సిగ్గేసి, ఇంకెప్పుడూ అది ఇంట్లో పెట్టొద్దన్నాను. ఎందుకురా అని కూడా అడగలేదు. మానేసింది.”

నేను క్షమించమన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నోట్లోంచి బయటికొచ్చాక తెలిసింది.

“మీరు వయసులో పెద్దవారో చిన్నవారో తెలీదండీ, నేనేమంటాను?” అన్నాడు. తర్వాత, “మధ్యాహ్నమైంది, భోంచేసి వెళ్ళండి” అని పెట్టేశాడు.

తిడతాడని సిద్ధపడి నిలబడ్డాను. ఆ మర్యాద తగిలాక ఫోన్ సత్యానికిచ్చి కూర్చున్నాను.

ఊరికి వెళ్ళగానే నా పేరుతో నిజం రాస్తాననీ, ఆ పాటల గురించి రాయాల్సింది రాస్తాననీ సత్యంతో అన్నాను. అతను వెంటనే చెయ్యి అడ్డంగా ఊపాడు.

“మీరు చేసింది రాసుకోండి, అది మీ సంగతి. పాటల్ని మాత్రం మెచ్చుకోకండి. బాలేదన్నారు కాబట్టి ఇక్కడ కూర్చున్నాను. కూర్చోవడం అలవాటైంది. ఇప్పుడు బాగుందంటే ఈ పన్నెండేళ్ళూ నేనేం చేసినట్టండీ?”

మాటిచ్చాను. ఏడో పాట ఎలా ఉందో పైన రాయకపోవడానికి కారణం అదే.

మళ్ళీ కొల్లేరు

నా రైలు సాయంత్రం నాలుగింటికి. ఎక్కలేదు. వచ్చిన దారినే బస్సు మారి బస్సెక్కి, ఆకివీడు నుంచి ఆటోలో వెళ్ళేసరికి ప్రసాదు చెరువు గట్టు మీద ఉన్నాడు. ఎండ తగ్గుతోంది. నన్ను చూసి సంతోషంగా, “ఏదైనా మర్చిపోయారాండీ?” అన్నాడు. ఇంట్లోంచి సువార్త గారు కూడా వచ్చారు.

ఆవిడ వెళ్ళేదాకా ఆగుదామనిపించింది. ఆగలేదు. ఇద్దరి ముందూ చెప్పాను. తుంగభద్ర నేనేనని, రెండే విన్నానని, మొన్న ఏలూరులో మొదట అరిచింది కూడా నేనేనని.

సువార్త గారు, “నిన్న అన్నం తింటున్నప్పుడు చెప్పాల్సిందండీ” అన్నారు. కోపంగా కాదు, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ బయటికి రాలేదు.

ప్రసాదు చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. నీళ్ళలో బస్తా చుట్టూ చేపలు మూగి కదులుతున్నాయి. వెళ్ళిపొమ్మంటాడనుకున్నాను. అందుకు సిద్ధంగానే, ఆటోని వెయిటింగులో ఉంచి వచ్చాను. అతను ఇటు తిరిగాడు. ముఖంలో కోపం వెతికాను, కనపడలేదు. కష్టమైన లెక్క దగ్గర ఆగిపోయిన మనిషిలా ఉన్నాడు.

“నిన్న కార్లో మిగతావి కూడా విన్నారు కదండీ?”

“విన్నాను.”

“అయితే ఇప్పుడు చెప్పండి. మేం మళ్ళీ పాత దారికి రావడం మంచిదేనాండీ, కాదా?”

మంచిదే అంటే అది అబద్ధం. కాదంటే సత్యానికిచ్చిన మాట పోతుంది. ఆ ముగ్గురి గురించి ఇరవయ్యేళ్ళు అడక్కుండానే అన్నీ చెప్పినవాణ్ణి, అడిగినప్పుడు తల దించుకుని గట్టు మీద నిలబడ్డాను. ప్రసాదు నా జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు. అంతా విన్నాక కూడా, అతను ఇంకా నన్నే అడుగుతున్నాడు.